భర్త పోయిన తల్లి, ముగ్గురు పిల్లలు: ఆశ్రమంలో చేర్పించమని చెప్పాలా?

కొత్తగా చదివేవారి కోసం ముందు ప్రశ్నను కుదించి రాస్తున్నాను. అడిగినవారు కావలి దగ్గర ఒక పల్లెలో సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెబుతారు. పక్క వీధిలో ఒకామె భర్త తాగుడుతో కాలేయం చెడిపోయి ఎనిమిది నెలల క్రితం చనిపోయాడు. అతను రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండేవాడు, యజమాని దగ్గర అడ్వాన్సు వాడుకుని ఉన్నాడు. ఆమె ఇప్పుడు కూలికి వెళ్తోంది. పదిహేనేళ్ళ పెద్దమ్మాయి తొమ్మిదో తరగతితో బడి మానేసింది, అమ్మమ్మ సంబంధాలు చూస్తోంది. పదకొండేళ్ళ అబ్బాయి కొన్నాళ్ళు బడికి, కొన్నాళ్ళు చెరువు దగ్గరికి వెళ్తున్నాడు. చిన్నపాపకు ఐదేళ్ళు. ఒంగోలు వైపు నుంచి ఒక ఆశ్రమం వాళ్ళు వచ్చి, చిన్నవాళ్ళిద్దరినీ ఉచితంగా ఉంచుకుని చదివిస్తామన్నారు. చేర్పించమని ఆమెకు చెప్పాలా, లేకపోతే నేను చేయగలిగింది ఏమైనా ఉందా అన్నది ప్రశ్న.

నా జవాబు: చెప్పవద్దు. ఆ పిల్లలకు తల్లి ఉంది, ఆమె పనికి వెళ్తోంది, పిల్లలను వదిలించుకోవాలని చూడడం లేదు. ఆమెకు లేనివి డబ్బు, కాగితాలు, కచేరీలకు తోడు వచ్చే మనిషి. మొదటి రెండింటికీ ప్రభుత్వంలో దారులున్నాయి. మూడోది మీరు కాగలరు. ఇక పెద్దమ్మాయి పెళ్ళి మాట మాత్రం రేపటికి వాయిదా వేయదగింది కాదు, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను ఎవరినో చెప్పాలి కదా. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా కాలంగా పిల్లల పరిరక్షణ పనిలో ఉన్నాను. మొదట ఒక స్వచ్ఛంద సంస్థలో, తర్వాత ఒక పదవీకాలం, సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో ఉత్తర్వులు ఇచ్చే బాలల సంక్షేమ సమితిలో సభ్యురాలిగా పనిచేశాను. ఇప్పుడు ఏ హోదా లేకుండా చేస్తున్నాను. హోదా లేనప్పుడే ఈ పని బాగా సాగుతుందని కొన్నిసార్లు అనిపిస్తుంది.

ఆశ్రమం ఎందుకు వద్దంటున్నాను

ఆశ్రమాలు నడిపేవాళ్ళంతా చెడ్డవాళ్ళని అనడం లేదు. నేను చూసిన ఆశ్రమాల్లో ఎక్కువమంది పిల్లలకు తల్లో తండ్రో, కొందరికి ఇద్దరూ ఉన్నారు. అంటే అక్కడికి వాళ్ళను చేర్చింది అనాథత్వం కాదు, పేదరికం. బాలల న్యాయ చట్టం 2015 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పిల్లల సంరక్షణ మొదటి బాధ్యత కుటుంబానిది, సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం, ఉంచినా తిరిగి కుటుంబంలో చేర్చే ప్రయత్నం చేయాలి. పేదరికాన్ని కారణంగా చూపి తల్లినీ పిల్లలనూ విడదీయడం ఆ చట్టం ఉద్దేశానికే విరుద్ధం.

చిన్నపాప విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. రొమేనియాలోని బుకారెస్ట్‌లో 2000 సంవత్సరంలో ఒక పరిశోధన మొదలైంది. శిశు సంరక్షణ సంస్థల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చి, ఏళ్ళ తరబడి గమనించారు. కుటుంబంలోకి వెళ్ళినవాళ్ళ తెలివితేటలు, మనుషులతో పెనవేసుకునే గుణం మెరుగుపడ్డాయి. రెండేళ్ళ వయసు లోపు వెళ్ళినవాళ్ళకు మేలు ఇంకా ఎక్కువ జరిగింది. ఆ సంస్థల్లో తిండికీ పక్కకూ లోటు లేకపోవచ్చు. ఒకే మనిషి రోజూ ఎత్తుకుని, పేరు పెట్టి పిలిచి, అలిగితే బుజ్జగించడం ఉండదు. మీ ఊరి పాపకు అది ఇప్పుడు ఉంది. తండ్రి పోయిన ఏడాదిలోనే తల్లినీ దూరం చేస్తే ఆ పిల్ల దృష్టిలో ఇద్దరూ పోయినట్టే.

చీమకుర్తి దగ్గర ఒక తల్లి విషయం చెబుతాను. భర్త గ్రానైట్ పనిలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిని పోయాడు. ఎవరో చెబితే ఇద్దరు కొడుకులను ఒక ఆశ్రమంలో చేర్చింది. ఏదో కాగితం మీద వేలిముద్ర వేసింది, అందులో ఏముందో ఆమెకు తెలియదు. రెండేళ్ళ తర్వాత చెల్లెలి అండ దొరికి పిల్లలను తీసుకుపోతానంటే ఇవ్వలేదు. రికార్డుల్లో ఇద్దరూ అనాథలుగా ఉన్నారు, ఆ పేరుతో దాతలు డబ్బు పంపుతున్నారు. చివరికి సమితి ఉత్తర్వుతో పిల్లలు ఇంటికి వచ్చారు. చిన్నవాడు కొన్ని నెలలపాటు తల్లిని "మేడమ్" అని పిలిచాడు.

మీ ఊరికి వచ్చినవాళ్ళను ఈ ప్రశ్నలు అడగండి. మీ సంస్థకు బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే పత్రం చూపిస్తారా? పిల్లలను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచి, ఉత్తర్వు తీసుకునే చేర్చుకుంటారా? తల్లి ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడవచ్చా, తీసుకుపోవచ్చా? ట్రస్టు రిజిస్ట్రేషన్, సొసైటీ రిజిస్ట్రేషన్ చూపించి ఇదే అది అంటారు. అవి వేరు, ఇది వేరు. ఈ చట్టం కింద నమోదు లేకుండా పిల్లల సంస్థ నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మంచి సంస్థలకు ఈ ప్రశ్నల మీద కోపం రాదు. కోపం వచ్చిందంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళు, గురుకులాలు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు అనాథాశ్రమాలు కావు. అక్కడ చదివే పిల్లలు దసరాకు, సంక్రాంతికి, వేసవికి ఇంటికి వస్తారు. తల్లి తల్లిగానే ఉంటుంది. కనిగిరి, మార్కాపురం వైపు కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు వలస వెళ్ళేటప్పుడు పిల్లలను హాస్టల్లో ఉంచడం నేనే ఎన్నోసార్లు చెప్పాను. కాబట్టి "హాస్టలా, ఇల్లా" అన్న పట్టింపు నాకు లేదు. తల్లికి పిల్లల మీద హక్కు మిగులుతుందా లేదా అన్నదే నేను చూసేది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

మీరు మొదట కనుక్కోవలసింది భర్త బ్యాంకు పాస్‌బుక్ ఎక్కడుందన్నది. దాన్ని ఎంట్రీ వేయించి, ఏటా మే, జూన్ నెలల ప్రాంతంలో 436 రూపాయలో 20 రూపాయలో కోత పడిందేమో చూడండి. 436 పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలది ప్రమాద మరణానికి మాత్రమే కాబట్టి ఈ కేసులో పనికిరాదు. ఖాతా తెరిచినప్పుడు బ్యాంకు మిత్ర సంతకం పెట్టించుకుని ఉంటాడు, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇలా తెలియక వదిలేసిన కుటుంబాలను చాలా చూశాను. ఆలస్యమైంది కదా అని ఆగకండి, బ్యాంకుకు వెళ్ళి అడగండి.

వితంతు పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 ఇస్తున్నారు. భర్త ఏదైనా పింఛను తీసుకుంటూ చనిపోయి ఉంటే భార్యకు మార్చడం సులువు. లేకపోతే కొత్త దరఖాస్తు కావాలి. కొత్తవి ప్రభుత్వం విడతలుగా తెరుస్తుంది. అందుకే కాగితాలన్నీ సిద్ధంగా పెట్టుకుని గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుణ్ణి అడుగుతూనే ఉండాలి. అడగడం మానేసినవాళ్ళ పేరు అక్కడే ఆగిపోతుంది.

తల్లికి వందనం పథకం గురించి మీకు తెలిసే ఉంటుంది. బడికి వెళ్ళే ప్రతి బిడ్డకూ 15,000 అన్నది లెక్క, అందులో 13,000 తల్లి ఖాతాలో పడతాయి. 75 శాతం హాజరు ఉండాలి. పెద్దమ్మాయి బడి మానేసి ఇంట్లో కూర్చోవడం వల్ల ఆమె పేరు మీద వచ్చేది పోతోంది, అబ్బాయి చెరువు దగ్గర గడిపే రోజులు అతని పేరు మీద వచ్చేదానికి గండి కొడుతున్నాయి. ఇద్దరూ సక్రమంగా బడికి వెళ్తే 26,000. ఈ అంకెను అమ్మమ్మ ముందు పెట్టండి. చదువు గొప్పదనం గురించి నేను చేసిన ప్రసంగాలకన్నా ఈ అంకె ఎక్కువ పని చేసింది.

అన్నిటికన్నా తక్కువ మందికి తెలిసినది స్పాన్సర్‌షిప్. కేంద్రం మిషన్ వాత్సల్య కింద, తండ్రి లేని పిల్లలకు, తల్లిదండ్రులు తీవ్ర జబ్బుతో ఉన్న పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి బిడ్డకు నెలకు 4,000 ఇస్తారు. పద్దెనిమిదేళ్ళ వరకు ఇవ్వవచ్చు. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. మీకు నెల్లూరులో ఉంటుంది, ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే శాఖ) పీడీ, అంటే ప్రాజెక్టు డైరెక్టరు, కార్యాలయం అని అడిగితే చూపిస్తారు. అంతదూరం వెళ్ళలేకపోతే అంగన్‌వాడీ కార్యకర్త ద్వారా సూపర్‌వైజరుకు, అక్కడి నుంచి పైన ఉండే ప్రాజెక్టు అధికారి సీడీపీఓకు పంపవచ్చు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి ఆదాయ ధ్రువపత్రం. రాసేవాళ్ళు అలవాటుగా ఏదో ఒక అంకె వేసేస్తారు. అది 72,000 దాటితే ఇక్కడ అనర్హులే. ఏడాదిలో పని దొరికిన రోజులు, రోజు కూలి లెక్క వేసి తీసుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు రాయమని అడగండి. తక్కువ చేసి రాయించవద్దు, ఎక్కువ రాస్తుంటే ఊరుకోవద్దు. రెండోది, మంజూరు వెంటనే కాదు. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి విచారించి నివేదిక రాయాలి, జిల్లా కమిటీ ఆమోదించాలి, నిధులు రావాలి. వచ్చాక కూడా నెలనెలా పడదు, కొన్ని నెలలది కలిపి పడుతుంది. కాబట్టి దీన్ని నమ్ముకుని బియ్యం అప్పు చేయవద్దని ఆమెకు ముందే చెప్పండి. అయినా దరఖాస్తు పెట్టండి. పశ్చిమ ప్రకాశంలో తల్లి చనిపోయి, తండ్రి హైదరాబాదు వెళ్ళి తిరిగిరాని ముగ్గురు మనవలను ఒక ముసలమ్మ దీనితోనే నిలబెట్టుకుంది. ఆమె వేళ్ళు అరిగిపోయి ముద్ర పడక బ్యాంకులో నెలల తరబడి ఆగిపోయింది. చివరికి కంటిపాప స్కాన్ చేసే యంత్రం ఉన్నచోటికి తీసుకెళ్తే పని అయింది.

ఈ ఊళ్ళలో పథకం లేక ఆగిపోయినవాళ్ళకన్నా వేలిముద్ర పడక ఆగిపోయినవాళ్ళే ఎక్కువ. చిన్నపాపకు ఐదేళ్ళు అన్నారు. పుట్టినప్పుడు తీసుకున్న ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు, ఐదేళ్ళకు ఒకసారి, పదిహేనేళ్ళకు మరోసారి వేయించాలి. అంటే ఆ ఇంటి ముగ్గురిలో ఇద్దరికి ఇప్పుడే ఆ పని ఉంది. ఇది చేయించకపోతే పథకాల దగ్గర ఎక్కడో ఒకచోట పేరు కొట్టుకుపోతుంది. జనన ధ్రువపత్రం లేకపోయినా, టీసీ లేకపోయినా బడి చేర్చుకోనని అనకూడదు. విద్యాహక్కు చట్టంలో అది రాసి ఉంది. సముద్రం వైపు చెరువు గట్ల మీద ఉండే యానాది కుటుంబాల పిల్లలకు ఏ కాగితమూ లేకుండా ఇలాగే బడిలో చేర్పించి, తర్వాత తీరిగ్గా ఆధార్ చేయించాం. బడి ముందు, కాగితం తర్వాత. చాలామంది ఈ వరుసను తిరగేసి, పిల్లకు ఏడాది చదువు పోగొడతారు.

పెద్దమ్మాయి సంగతి

పదిహేనేళ్ళ పిల్లకు పెళ్ళి చేస్తే బాల్యవివాహ నిషేధ చట్టం 2006 ప్రకారం చేసినవాళ్ళకు, చేయించినవాళ్ళకు, ఆపకుండా ఊరుకున్న పెద్దలకు రెండేళ్ళ వరకు కఠిన జైలుశిక్ష, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. ఆడవాళ్ళకు జైలు మినహాయింపు ఉంది కానీ జరిమానా తప్పదు. భర్త సంగతి ఇంకా తీవ్రం. పద్దెనిమిదేళ్ళు నిండని భార్యతో కాపురం చేస్తే అది అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. వరుడి తరఫువాళ్ళకు ఈ ఒక్క మాట చేరినా చాలా సంబంధాలు వాటంతట అవే వెనక్కి పోతాయి.

అయితే చట్టం చెప్పి భయపెట్టడంతో మొదలుపెట్టకండి. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వీళ్ళందరి అమ్మమ్మలూ దుర్మార్గులు కారు. కనిగిరి దగ్గర ఒక ఇంట్లో ఇలాగే సంబంధం చూస్తుంటే కూర్చుని మాట్లాడాం. అసలు సంగతి అప్పుడు బయటపడింది. తల్లి తెల్లవారుజామున పనికి వెళ్ళి చీకటి పడ్డాక వస్తుంది, ఇంటికి తలుపు సరిగా లేదు, ఆ దారిలో తాగి తిరిగేవాళ్ళున్నారు. ముసలామె భయం అది. పెళ్ళి చేస్తే ఆ పిల్ల భద్రత ఇంకొకరి బాధ్యత అవుతుందని ఆమె లెక్క. కస్తూర్బా విద్యాలయంలో ఖాళీ చూసి ఆ పిల్లను చేర్చాం, పెళ్ళి మాట ఆగిపోయింది. అమ్మమ్మ దేనికి భయపడుతోందో ముందు తెలుసుకోండి. మీ దగ్గర ఆ భయానికి జవాబు ఉంటేనే మీ మాట వింటుంది.

కస్తూర్బా విద్యాలయాలు ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఉన్నాయి. తండ్రి లేని ఆడపిల్లలకు, మధ్యలో బడి మానేసినవాళ్ళకు అందులో ప్రాధాన్యం ఉంటుంది. పై తరగతుల్లో ఖాళీలను బట్టే తీసుకుంటారు కాబట్టి మండల విద్యాధికారిని ఇప్పుడే కలిసి పేరు చెప్పి ఉంచండి. అమ్మాయికి హాస్టలు ఇష్టం లేకపోతే ఉన్న ఊరి ఉన్నత పాఠశాలకే తిరిగి పంపండి. ఏడాది పోయిందని సిగ్గుపడుతుంటే సార్వత్రిక పాఠశాలలో (ఓపెన్ స్కూలు) పదో తరగతి కట్టించవచ్చు. నా అనుభవంలో మొదటిదే మంచిది. ఇంట్లో ఉండి కట్టే పదో తరగతిని వంట, నీళ్ళు, తమ్ముడు, చెల్లెలు మింగేస్తారు. బడి ఎందుకు మానేసిందో ఆ పిల్లనే విడిగా అడగండి. మగవారైతే మీ ఇంట్లో ఆడవాళ్ళ చేత అడిగించండి. దారిలో ఎవరో వెంటపడుతుండవచ్చు, నెలసరి రోజుల్లో బడిలో వసతి లేకపోవచ్చు, లెక్కల మాస్టారు అందరి ముందూ తిట్టి ఉండవచ్చు. కారణం తెలియకుండా తిరిగి చేర్చిన పిల్ల మళ్ళీ మానేస్తుంది.

నిశ్చితార్థం దాకా వచ్చిందని తెలిస్తే మాత్రం ఆలోచించకండి. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. మీ పేరు చెప్పనక్కర లేదు. సచివాలయంలో మహిళా పోలీసుకు, ఐసీడీఎస్ సూపర్‌వైజరుకు కూడా చెప్పవచ్చు. ముహూర్తం ముందురోజు వచ్చే ఫోనుకన్నా పదిరోజుల ముందు వచ్చే ఫోను వందరెట్లు మేలు. అప్పటికింకా విస్తళ్ళకు, షామియానాకు అప్పు చేసి ఉండరు.

అబ్బాయి, చెరువు, అడ్వాన్సు

పదకొండేళ్ళవాణ్ణి పనిలో పెట్టుకోవడం నేరం. 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు అన్ని పనులూ నిషేధమే. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20,000 నుంచి 50,000 జరిమానా, లేదా రెండూ. సొంత కుటుంబం పనిలో బడి వేళల తర్వాత సాయం చేయడానికి మినహాయింపు ఉంది. యజమాని చెరువు దగ్గర మేత చల్లడం, వలలు కడగడం దాని కిందికి రావు. ఇక తండ్రి తీసుకున్న అడ్వాన్సుకు కొడుకు పని జమ చేస్తున్నారంటే అది వెట్టిచాకిరీ. 1976 నాటి చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు, ఆర్డీఓకో కలెక్టరుకో ఫిర్యాదు ఇవ్వవచ్చు. విడుదల ధ్రువపత్రం వస్తే పునరావాస సాయం కూడా ఉంటుంది.

కానీ మీరు యజమాని దగ్గరికి వెళ్ళి చట్టం చదవకండి. ముందు ఒక సంగతి కనుక్కోండి. వాళ్ళు ఉంటున్న గుడిసె ఎవరి స్థలంలో ఉంది? చెరువు గట్టు మీదే అయితే మీరు గొడవ పెట్టిన సాయంత్రమే సామాను బయట పడుతుంది. అలాంటి చోట మొదట తలదాచుకునే చోటు చూసి, తర్వాత ఫిర్యాదు చేయాలి. సొంత ఇల్లో ప్రభుత్వ స్థలమో అయితే తలనొప్పి తక్కువ. చాలాసార్లు అబ్బాయి చెరువు దగ్గరికి వెళ్ళేది ఎవరూ పంపకుండానే. నాన్న ఉన్నచోటు అది, ఒకపూట తిండి దొరుకుతుంది, చేతిలో పదో ఇరవయ్యో పెడతారు, బడిలో అయితే వెనకబడి ఉన్నానన్న అవమానం. మీరు ట్యూషన్ చెబుతారు కాబట్టి ఈ చివరిది మీ చేతిలో ఉంది. వాడికి చదవడం, కూడికలు, తీసివేతలు ఏ మేరకు వచ్చో చూసి అక్కడి నుంచి ఎత్తుకోండి. ఫీజు సంగతి ఇప్పుడు ఎత్తకండి, ఉచితం అని పదిమందిలో అనకండి.

వాడు ఎవరినైనా కొడుతున్నాడా, మాట్లాడడం తగ్గించాడా, పాప పక్క తడుపుతోందా అని కూడా చూడండి. తండ్రి తాగుబోతు అయినా తండ్రే. ఊరంతా "పోతే పోయాడు, పీడ విరగడైంది" అంటుంటే ఆ పిల్లవాడు ఏడవడానికి కూడా చోటు ఉండదు. వాళ్ళ నాన్న గురించి వాడు చెప్పాలనుకున్నది ఒక్కసారి వినండి, సలహా ఇవ్వకుండా. మరీ ఆందోళనగా ఉంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. తాగుడు గురించి ఈ జిల్లాకు కొత్తగా చెప్పేదేముంది! దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగిన చోటు ఇది. ముప్పై ఏళ్ళు దాటినా మా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటికి మూలం సీసాయే. దాని మీద నా కోపం ఇక్కడ కుమ్మరిస్తే జవాబు పూర్తికాదు, కాబట్టి వదిలేస్తున్నాను.

మీరు చేయకూడనివి

పిల్లల ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టి సాయం అడగకండి. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది. చట్టం మాట అటుంచి, రేపు ఆ అమ్మాయి కాలేజీకి వెళ్ళాక ఆ ఫోటో ఎవరి ఫోనులోనో ఉంటుంది. చేతికి డబ్బు ఇవ్వడం కన్నా నెల్లూరు వెళ్ళిరావడానికి బస్సు ఛార్జీ, ఆ రోజు పోయే కూలి మీరు పెట్టుకోండి. పేదవాళ్ళ దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే, ఒకరోజు కూలి వదులుకోలేక. ఎవరైనా "పాపను మేం పెంచుకుంటాం" అని వస్తే ఊళ్ళో పెద్దల ముందు కాగితం రాసి ఇవ్వడం దత్తత కాదు. డబ్బు చేతులు మారితే అది పిల్లను అమ్మడమే, ఐదేళ్ళ వరకు కఠిన శిక్ష ఉంది. ఈ మాట కూడా తల్లికి చెప్పి ఉంచండి. భర్త పోయిన ఇంటికి ఇలాంటివాళ్ళు వెతుక్కుంటూ వస్తారు.

ఇల్లు వద్దనే సందర్భాలు ఉన్నాయి

ఇంట్లోనే ఎవరైనా పిల్లలను లైంగికంగా వేధిస్తున్నా, ఒళ్ళు వాచేలా కొడుతున్నా, తల్లి మంచాన పడి చూసే దిక్కు లేకపోయినా నేను పైన రాసినదంతా పక్కన పెట్టండి. 1098కి చెప్పండి, పిల్లలను ఇరవై నాలుగు గంటల్లో సమితి ముందుకు తెస్తారు. సమితి అయినా ముందు బంధువుల్లో ఎవరైనా ఉన్నారా అనే చూడాలి, తర్వాతే శిశుగృహ, బాలసదనం. మీరు రాసినదాన్ని బట్టి ఈ ఇంట్లో అలాంటిది కనబడడం లేదు. అయినా ఇంటికి వచ్చిపోయే మగవాళ్ళ గురించి, ముఖ్యంగా "సాయం చేస్తాం" అని వచ్చేవాళ్ళ గురించి ఒక కన్ను వేసి ఉంచండి.

తల్లి గురించి ఒక మాట. ఆమె డ్వాక్రా సంఘంలో ఉందా? లేకపోతే చేర్పించండి. అప్పు కోసం మాత్రమే అనుకోకండి. నెలకోసారి పదిమంది ఆడవాళ్ళతో కూర్చుంటే పింఛను ఎప్పుడు తెరిచారు, ఆధార్ శిబిరం ఎక్కడ పెట్టారు అన్నవి ఆమెకు మీ ద్వారా కాకుండా నేరుగా తెలుస్తాయి. మీరు ఉద్యోగం వచ్చి ఊరు వదిలి వెళ్ళవచ్చు, సంఘం ఎక్కడికీ పోదు. దరఖాస్తులు కూడా ఆమె చేతనే ఇప్పించండి, మాట ఆమె చేతనే మాట్లాడించండి. మీరు పక్కన నిలబడితే చాలు. సచివాలయంలో పని జరగకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇచ్చి, రసీదు నంబరు రాసుకోండి. నంబరు ఉన్న అర్జీకి జవాబు రాయక తప్పదు.

ఇవన్నీ ఒక కాగితం మీద ఆధారపడి ఉన్నాయి, భర్త మరణ ధ్రువపత్రం. పింఛను, బీమా, స్పాన్సర్‌షిప్ అన్నిటికీ అదే మొదట అడుగుతారు. ఇంట్లో చనిపోయినవాళ్ళకు దాన్ని చాలామంది తీసుకోరు. ఇరవై ఒక్క రోజుల్లో అయితే ఉచితంగా నమోదు అయ్యేది. ఇప్పుడు ఎనిమిది నెలలు కాబట్టి ఆలస్య రుసుము, అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, అయినా సాధ్యమే. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్ళాలి, ఎంత కాలం పడుతుందో చెప్పలేం. ఆసుపత్రిలో పోయాడా, ఇంట్లో పోయాడా, పంచాయతీలో నమోదు అయిందా అన్నది ఈ వారంలోనే కనుక్కుని ఇక్కడే రాయండి. దాన్ని బట్టి ఏ కాగితం ఎవరికి రాయాలో నమూనా పెడతాను.